బాలమల్లు జీపు, గౌరవ్వ బర్రె

బాలమల్లుకు నోట్ల పండ్లు సూసి ఎద్దు వయసు చెప్పుడొస్తది. గంతే. బతుకుల ఇంకోటి రాదు. ఆ ఒక్కటి వచ్చినందుకే లోకం మొత్తం తన ముంగట నోరు తెర్సి నిలబడ్డదనుకునేటోడు.

నేను ఎల్లారెడ్డి జీపుల అడ్డా మీద హమాలిని. మూటలు పైకెక్కిచ్చుడు, తాడేసి కట్టుడు, మళ్ళ దించుడు. చిన్నగున్నప్పుడే బడి ఇడిసిన, అప్పటికెళ్ళి ఇదే పని. బాలమల్లు జీపు మీద ఎన్ని మూటలు కట్టిన్నో తెల్వదు గని, దాన్ని నూకినన్ని సార్లు నా పిల్లల ఉయ్యాల గూడ నూకలే. అందుకే ఆయన సంగతి నేను చెప్పాలె. ఆయన పెండ్లాం గౌరవ్వకు నాకంటె ఎక్కువ ఎర్క గని, ఆమె చెప్పది. ఆమెకు పనుంటది.

జీపు కొనక ముందు బాలమల్లు కామారెడ్డి పశువుల అంగట్ల బేరగాడు. అంగట్ల ధర నోటితోని చెప్పరు. తువ్వాల కప్పి, దాని కింద చెయ్యిల చెయ్యి పెట్టి, వేళ్ళు పట్టి చెప్పుకుంటరు. పక్కన నిలబడ్డోనికి ఏం తెల్వది. ఆ తువ్వాల కింద బాలమల్లు చెయ్యి మంచిగ నడిసేది. అమ్మెటోడు, కొనెటోడు ఇద్దరు తామే గెలిసినమనుకొని పోయెటోళ్ళు. నడుమల ఈయన కల్లు దుకాణం దిక్కు పోయెటోడు.

గౌరవ్వది దోమకొండ. పెండ్లినాడు తల్లిగారోళ్ళు అరణం కింద ఒక బర్రె పడ్డను ఇచ్చిన్రు. అరణమంటె ఆడబిడ్డ సొమ్ము. దాని మీద మొగని చెయ్యి పడొద్దు. దాని పాలు ఆమెయి, దాని పెండ ఆమెది, దానికి పుట్టిన దూడలు గూడ ఆమెయే. ఆ పడ్డ బర్రెయి, ఈని, మళ్ళ ఈని, జీపు వచ్చేటాలకు గౌరవ్వ కొట్టంల మూడు బర్రెలైనయి. ఇల్లు నడిసేది ఆ పాల మీదనే. బాలమల్లు సంపాదన మీద ఆయన మీసం ఒక్కటి నడిసేది.

ఎనభై నాలుగో, ఎనభై అయిదో. కామారెడ్డిల ఏదో సర్కారు ఆఫీసోళ్ళు పాత జీపును వేలం పెట్టిన్రు. బాలమల్లు నన్ను తోలుకపోయిండు. జీపు ఒక వేపచెట్టు కింద ఉన్నది. ఈయన దాని సుట్టు తిరిగిండు. ఎద్దు వీపు మీద సరిసినట్టు బానెట్ మీద సరిసిండు. టైరును కాలుతోని తన్నిండు. వంగి కడుపు కింద సూసిండు. హారను కొట్టిండు, అది అరిసింది.

“గొంతు మంచిగున్నది,” అన్నడు.

“అన్నా, లోపల పలకలకెళ్ళి గరక మొలిసింది సూడు,” అన్న.

“గరక మంచి శకునం రా పోచిగా. నీడకు కట్టేసిన్రంటె పని చెయ్యలేదన్నట్టు. పని చెయ్యని ఎద్దుకు బలం మిగిలుంటది.”

పని చెయ్యక నీడకు కట్టేసిన్రా, పని చెయ్యదనే నీడకు కట్టేసిన్రా అని ఆయనకు అనుమానం గూడ రాలే. గరక పీకి బయట పారేసిండు, బండి కొన్నడు. దున్నే ఎడ్లు పోయినయి. అవి సాలక గౌరవ్వ బర్రెల్ల ఒకటి పోయింది. ఆ మొదటిదాన్ని మాత్రం అడిగి తీసుకపోయిండు. “రెండు పంటలు తిరక్కముందె రెండు బర్రెలు తెచ్చి కొట్టంల కడ్త,” అన్నడట. గౌరవ్వ నమ్మింది. అప్పుడింక ఆమెకు జీపంటె ఏందో తెల్వదు.

ఇగ ఆయనకు తెల్ల టెర్లిన్ అంగి వచ్చింది. ఎండిన చెరువుల తిప్పి తిప్పి బండి నడుపుడు నేర్సుకున్నడు. అడ్డా మీద ఎవడన్న “మల్లన్నా” అని పిలిస్తె పలికేటోడు గాదు. “సేటూ” అంటె తిరిగి సూసేటోడు. మేము చాయ తాగబుద్ధైనప్పుడు సేటూ అనేటోళ్ళం. చాయ వచ్చేది. ఆయన సేటుతనం ధర గంతే, ఒక చాయ.

ఎల్లారెడ్డికెళ్ళి కామారెడ్డికి, లింగంపేట, తాడ్వాయి మీదికెళ్ళి. బస్సు దొరకనోళ్ళు, బస్సు నిలబడని ఊర్లోళ్ళు ఎక్కేటోళ్ళు. లోపల జనం, ఎనకకు ఏలాడేటోళ్ళు, బానెట్ మీద గూడ ఇద్దరు. పైన బీడీ ఆకు మూటలు, మక్కల సంచులు, కోళ్ళ గంప. బరువుకు కింద కమాను పట్టీ ఫట్టుమనేది. బాలమల్లు దిగి, తాడు తీసి, కమానుకు సుట్టి కట్టేటోడు. బండిల సగం ఇనుముంటె, సగం నా తాడే.

బండిని సాలు చేసే సెల్ఫు ఆరు నెలల్లనే సచ్చింది. దాన్ని బాగు చేపిచ్చుడు మాని, జీపును ఎప్పుడు మిట్ట మీదనే నిలబెట్టుడు మొదలువెట్టిండు. దిగుట్లకు ఇడిస్తె ఉరికి ఉరికి ఇంజను సాలు అయితది గదా. ఎల్లారెడ్డిల ఎక్కడెక్కడ మిట్టలున్నయో ఆయనకు తెలిసినట్టు పట్వారికి గూడ తెల్వది. సుట్టపోళ్ళ ఇండ్లకు గూడ గట్లనే. ఎత్తు మీద ఇల్లున్న సుట్టమైతెనే పోయెటోడు. సొంత మ్యానత్త సస్తె పోలే, ఆమె ఇల్లు పల్లంల ఉన్నదని. మ్యానత్త కొడుకు వచ్చి అడ్డా మీద మొకం మీద ఊసినంత పని చేసిండు. ఈయన “బండి బాగలేకుండె బామ్మర్దీ” అన్నడు. మనిషి సచ్చినప్పుడు కాళ్ళమీద గూడ నడిసి పోవచ్చని ఆయనకు యాదికి రాలే.

రేడియేటరు కారితె పసుపు పోసేటోడు. పసుపు సిల్లును మూస్తదని ఎవడో చెప్పిండు. నాలుగు రోజులు మూసేది. అయిదోనాడు లింగంపేట ఎక్కుట్ల బుస్సుమని లేసేది. ముంగట కూసున్నోళ్ళ మొకాలు పెండ్లి నలుగు పెట్టినట్టు పచ్చగయ్యేటియి. అందరు దిగుడు, నేను డబ్బా పట్టుకొని కుంటకు ఉరుకుడు, ఆయన స్టీరింగు పట్టుకొని తిట్టుడు. ఎవర్ని తిట్టేటోడు? బండిని. ఎద్దును తిట్టినట్టు, “నీయమ్మ, నిన్న మేపలేదా నిన్ను” అని. పెట్రోలో డీజిలో పోసినందుకు ఇనుము ఇమానం సూపెట్టాలె ఆయన లెక్కల.

ఎక్కినోళ్ళమన్న తెలివిగల్లోళ్ళమా? పసుపు మొకం కడుక్కొని మళ్ళ అందులనే ఎక్కినం.

బండికి పెద్ద రోగం వచ్చినప్పుడు కామారెడ్డిల జమీర్ మిస్త్రీ షెడ్డుకు గుంజుకపోయెటోళ్ళం. జమీర్ మంచి పనోడే. నోరే కత్తి. మొదటిసారి ఇంజన్ పొగ కక్కినప్పుడు బానెట్ లేపి సూసి, మెల్లగ మూసిండు.

“బాలమల్లు సేట్, దీనికి మిస్త్రీ గాదు, బొంద పెట్టనీకె ఖబరస్తాన్ కావాలె.”

“పరాచికాలొద్దు. ఎంతైతది చెప్పు.”

జమీర్ చెప్పిండు. బాలమల్లు భుజం మీది తువ్వాల తీసి, చెయ్యి మీద కప్పి, ముంగటికి సాపిండు.

“నోటితోని వద్దు. చెయ్యి పెట్టు.”

“అరే, నేనేమన్న ఎద్దునమ్ముతున్ననా? రింగులు పొయ్యినయి, బోరు పొయ్యింది. కొత్తయి ఏసుడే. నా చేతికి గిరీసు ఉన్నది, పో.”

“గిరీసైతె నా తువ్వాలనే గదా ఖరాబయ్యేది. పెట్టు.”

షెడ్డుల పనోళ్ళందరు స్పానర్లు కింద పెట్టి సూస్తున్నరు. జమీర్ నవ్వుకుంట చెయ్యి పెట్టిండు. తువ్వాల కింద వేళ్ళు కదిలినయి. బాలమల్లు ఒకసారి గుంజుకున్నడు, మళ్ళ పట్టిండు, కండ్లు మూసుకున్నడు. బయటికి వచ్చినంక నా చెవుల ఊదిండు. “సగానికి దించిన రా.”

సగానికి దించింది నిజమే. జమీర్ గూడ సగమే చేసిండు. కొత్త రింగుల జాగల ఏదో సచ్చిన బండికెళ్ళి ఊడదీసిన రింగులేసిండు. అది ఎడ్ల బేరం గాదు గదా. ఎద్దు ధర తగ్గిచ్చినా ఎద్దు గదే ఎద్దు. రిపేరు ధర తగ్గిస్తె రిపేరే తగ్గుతది. ఇంత సిన్న ముచ్చట, అంగట్ల ముసలోడైన మనిషికి సమజ్ కాలే. ప్రతిసారి తువ్వాల, ప్రతిసారి గెలుపు, రెండు నెలలకు మళ్ళ అదే షెడ్డు. ఆ తువ్వాల ఆఖరికి నల్ల తోలు లెక్క అయింది.

జమీర్ ఒకనాడు నాకు బీడీ ఇచ్చి చెప్పిండు. “పోచన్నా, నేను వద్దంటున్న గని ఆయన ఇంటలేడు. ఈ జీపు నాకు పాడి బర్రె అయింది భాయ్.”

నాకు నవ్వు రాలే. నిజం బర్రె గౌరవ్వ కొట్టంలకెళ్ళి పోతుండె మరి. రెండోదాన్ని అడగలేదు. ఆమె గడ్డికి పోయినప్పుడు తోలుకపోయి అంగట్ల అమ్మిండు. ఆమె వచ్చి సూస్తె గుంజ ఒట్టిగున్నది. దూడ అరుస్తున్నది. ఆ దూడ తల్లిపాలు లేక వారంల సచ్చింది. గౌరవ్వ మిగిలిన బర్రెను కొట్టంలకెళ్ళి తీసి, తను పండుకునే అర్ర ముంగట కట్టింది. అది అప్పుడు సూడితోని ఉన్నది. నేను మూట దింపనీకె పోతె చెప్పింది.

“తమ్మీ, ఇది పోతె నేను గూడ కూలికి పోవాలె. నా అవ్వ ఇచ్చిన ఇంటి దీపం ఇదొక్కటే మిగిలింది.”

ఏడాది తిరగలే, బ్రేకులు పోయినయి. ముంగట ఎడమ చక్రం కాడ నూనె కారుడు మొదలైంది. బాలమల్లు ఆ పైపును సుత్తెతోని సపాటుగ కొట్టి మూసిండు. కారుడు బందైంది గని, బ్రేకు తొక్కితె బండి కుడి దిక్కు గుంజుతున్నది. ఒకసారి తాడ్వాయి కాడ గుంజి, చాయ హోటలు బెంచీ దాక పోయింది.

జమీర్ పండుకొని కిందికి సూసి లేసిండు. ఆ రోజు పరాచికం చెయ్యలే.

“రెండు దిక్కుల సిలిండర్లు, పైపులు, నూనె, ఎనకటియి గూడ. అన్నీ మార్చాలె. ఈ మాటు తువ్వాల తియ్యకు సేట్. బ్రేకుల సగం ఉండదు. నేను సగం చెయ్య. వేరేటోని తానికి పో.”

వేరేటోని తానికి పోతె వాడు ఇంకెక్కువ చెప్పిండు. ఇంటికచ్చి బాలమల్లు కడప కాడ కూసున్నడు. నేను తాడు చుట్టుకుంట అక్కడనే ఉన్న.

“గౌరీ, ఒక్క బర్రెనే గదా. అది పోతె బ్రేకులైతయి. బ్రేకులైతె…”

“బ్రేకులైతె ఇంకోటి ఊడుతది.”

“ఇంటి ముంగట జీపుంటె నీకు ఇజ్జతి గాదా? జనం నిన్ను సేటమ్మ అంటున్నరు.”

గౌరవ్వ చెంబు తెచ్చి ఆయన ముంగట పెట్టింది. “నీ ఇజ్జతిని పిండు. సగం చెంబు పాలొస్తె బర్రెను ఇప్పుకపో.”

నేను మొకం పక్కకు పెట్టి నవ్విన. ఆయన నా దిక్కు గుర్రుగ సూసి లేసి పోయిండు.

తెల్లారి బండి కింద దూరిండు. అంగట్ల ఒక పాత దొంగ ఉపాయమున్నది. ఎద్దు ఒక కాలు కుంటితె, రెండో కాలు గిట్టల గులకరాయి దూర్సుతరు. రెండు కాళ్ళు ఒక్కతీరుగ నొస్తె కుంటు కనబడది, ఎద్దు జరంత నిమ్మళంగ నడుస్తున్నదంతే అనిపిస్తది. కొన్నోడు ఊరికి పోయినంక ఏడుస్తడు. బాలమల్లు జీపుకు గదే వైద్యం చేసిండు. కుడి చక్రం పైపును గూడ సుత్తెతోని సపాటుగ కొట్టిండు. ఇగ ముంగట రెండు చక్రాలకు బ్రేకు లేదు. ఏ దిక్కుకూ గుంజది.

అడ్డా మీదికచ్చి మీసం దువ్వుకుంట చెప్పిండు. “బాగైంది. సీదా ఆగుతది.”

“ఎంత దూరం పోయినంక సీదా ఆగుతదన్నా?” అని అడిగిన.

“నీకెందుకు రా, మూటలు కట్టు.”

ఆనాటికెళ్ళి నేను ఆ జీపు మీద మూటలు కట్టిన గని ఎక్కలే. అందరికి చెప్పిన. సగం మంది ఇన్నరు. గిరాకి పడిపోయింది. ఇగ బాలమల్లుకు అంగడి బుద్ధి మళ్ళ లేసింది. ఎద్దు కుంటిదైతె బాగు చేసుడెందుకు, ఇంకోని మెడకు కట్టాలె.

బిచ్కుంద దిక్కుకెళ్ళి అజీముద్దీన్ అని ఒకాయన వచ్చిండు. గోరింటాకు పెట్టిన గడ్డం, సల్లటి మనిషి. పత్తి, పశువులు కొంటడు, అమ్ముతడు. ఊర్లు తిరగనీకె జీపు కావాలన్నడు. బాలమల్లు ఇల్లు దిగుట్ల ఉన్నది, జీపు ఎప్పటిలెక్కనే ఇంటి ఎదురుంగ మిట్ట మీద ఉన్నది. మిట్ట మీదికెళ్ళి బాట సీదా వాకిలి ముంగటికి దిగుతది. అజీముద్దీన్ బండి సుట్టు తిరిగి, తాడు కట్టిన కమాను దిక్కు వంగి సూసి లేసిండు.

“బ్రేకులెట్లున్నయి భాయ్?”

“సీదా ఆగుతది సాబ్. ఇటు గుంజది, అటు గుంజది. మీరే సూడుండ్రి.”

“నేను సూసేదేముంది. మా దిక్కు ఒక పద్ధతున్నది. ఎద్దు పొడవదని చెప్తె, చెప్పినోని సొంత సొమ్మునే దాని ముంగట నిలబెడ్తం.” కిందికి సూసిండు. “ఆ బర్రె నీదేనా?”

“నాదే,” అన్నడు బాలమల్లు.

“దాన్ని బాట నడుమ కట్టు. ఇక్కడికెళ్ళి బండి ఇడువు. దాని ముంగట ఆపు. ఆపితె నువ్వన్న ధర ఇస్త.”

వేరే మనిషైతె అక్కడనే కండ్లు కిందికేసి ఉన్న సంగతి చెప్పేటోడు. బాలమల్లు లెక్క చూసుకున్నడు. ఆగితె జీపుకు పైసలొస్తయి. ఆగకుంటె బర్రె పోతది. రెండిట్ల ఆయనది పోయేది ఏమున్నది? దిగి పోయిండు. పలుపు ఇప్పిండు, బర్రెను బాట నడుమకు గుంజి, గూటం పాతిండు. నిండు సూడితోని ఉన్నది అది, కడుపు ఇటు అటు ఊగుతున్నది. పిచ్చిది, ఎక్కడ కడితె అక్కడ నెమరేసుకుంట నిలబడ్డది.

గౌరవ్వ పిడకలు కొడుతుండె. ఏమైతున్నదని అడిగింది. నేను చెప్పిన. ఆమె పెండ చేతులతోనే లేసింది. పలుపు ఇప్పుతదనుకున్న. ఇప్పలే. పోయి బర్రె పక్కన నిలబడి, దాని కొమ్ము పట్టుకున్నది.

“ఇడువు బండి,” అన్నది మిట్ట దిక్కు సూసి.

అప్పటికి బాలమల్లు మీదికెక్కి స్టీరింగు ముంగట కూసున్నడు. “నువ్వెందుకే ఆడ? పక్కకు జరుగు.”

“ఎందుకు జరగాలె? సీదా ఆగుతదంటివి గదా.”

“జరుగు అంటున్న గదా!”

“ఆగుతదా, ఆగదా? ఆగేటట్టుంటె ఇడువు. నేనీడనే ఉంట.”

అడ్డా మీదోళ్ళు, ఇరుగుపొరుగోళ్ళు అందరు జమైన్రు. బాలమల్లు చెయ్యి హ్యాండు బ్రేకు మీద పెట్టిండు, తీసిండు. మళ్ళ పెట్టిండు. టెర్లిన్ అంగి వీపుకు అతుకపోయింది. బర్రె ఒక్కటే ఉంటె ఇడుస్తుండె. నాకు గది బాగ ఎర్క. ఆ మనిషిని నేను అంత దగ్గరికెళ్ళి సూసిన.

ఆఖరికి దిగిండు. తెల్ల అంగి సదురుకున్నడు.

“ఇయ్యాల మంగళారం సాబ్. మంచి రోజు గాదు.”

అజీముద్దీన్ నవ్వలే. గడ్డం నిమిరి అడిగిండు. “మీ ఊర్ల మంగళారం బ్రేకులు పన్జెయ్యవా భాయ్?”

మిట్ట మీద నవ్వు లేసింది చూడు, దిగుట్ల దాక దొర్లింది. ఆనాటికెళ్ళి ఆయనను ఎవరు సేటూ అనలే, చాయ కోసం గూడ అనలే.

అజీముద్దీన్ ఉట్టి చేతుల పోయేటాయన గాదు. ఇంజను ఒక్కటి బాయి మీద నీళ్ళు తోడనీకె పనికొస్తదని, దాన్ని పాత ఇనుము ధరకు కొన్నడు. ఊడదీసి ఎడ్ల బండి మీద ఏసుకపోయిండు. ఎద్దులు గుంజుకపోతున్న ఇంజనును సూసి బాలమల్లు “అగ్గువకు కొట్టేసిండు దొంగోడు” అన్నడు. ఇంజను లేని జీపును పదిమందిమి నూకి వాకిట్లకు తెచ్చినం. మళ్ళ నా తాడే.

గౌరవ్వ బర్రె ఈనింది. పెయ్య దూడ. పాలు మంచిగనే పడ్డయి. బాలమల్లు అంగడికి పోవుడు మానిండు. పోతె “ఏ వారం బేరం చేస్తవన్నా” అని అడుగుతరని బుగులు. పొద్దంత ఆ జీపు బొక్కల గూట్ల స్టీరింగు ముంగట కూసునేటోడు. ఎవడన్న పోతుంటె పిలిచి, సాలుండంగ ఎంత స్పీడు పోయేదో చెప్పేటోడు. కోళ్ళు ఎనక సీట్ల గుడ్లు పెట్టినయి. అన్ని రోజులల్ల ఆ జీపు ఇంటికి ఇచ్చింది ఆ గుడ్లే.

గంతటితోని ఊకుంటె బాలమల్లు ఎట్లయితడు? దూడ పెరిగి పడ్డయింది. ఒకనాడు నేను పాలకు పోతె, గూట్లకెళ్ళి తలకాయ బయటికి పెట్టి అన్నడు.

“పోచిగా, కామారెడ్డిల మంచి ఇంజనొకటి ఉన్నదట రా. రెండు బర్రెల నడుమ ఒకదాన్ని తీసినా ఇంటికి పాలు తక్కువ కావు.”

గౌరవ్వ లోపల పాలు కొలుస్తున్నది. చెయ్యి ఆగలే. నాకు పాలు పోసి, మెల్లగ అడిగింది. “తమ్మీ, రేపు నీకు పనున్నదా? దోమకొండ దాక బర్రెలను తోలాలె. నడిసిపోదం. నడుమల తాడ్వాయిల పండుకుందం.”

“అన్నదమ్ముల ఇంట్ల ఎన్ని రోజులుంటవక్కా?”

“పాలు పిండేదాన్ని ఎవడు ఎల్లగొడ్తడు రా.”

తెల్లారి సద్ది మూట, రెండు చీరలు, పాల చెంబు. ఆమె బర్రెను పట్టుకొని ముంగట నడిసింది. నేను ఎనక. పడ్డకు పలుపు గూడ వెయ్యలే. బాలమల్లు జీపులకెళ్ళి దిగలే. రెండు చేతులు స్టీరింగు మీదనే ఉన్నయి.

“ఏడికి పోతున్నరు?” అన్నడు.

గౌరవ్వ బర్రెను అదిలిచ్చింది.

“ఎన్నడొస్తవ్?”

మిట్ట ఎక్కుతున్నం. ఎనకకెళ్ళి మళ్ళ కేకేసిండు. ఇన్నేండ్ల సంసారానికి, ఎల్లిపోతున్న పెండ్లానికి ఏం చెప్తడోనని నేను గూడ ఒక్క నిమిషం ఆగిన.

“ఆ పడ్డనన్న ఇడిసి పో!”

గౌరవ్వ తిరిగి సూడలే. పడ్డ మాత్రం ఒకసారి ఆగి ఆ కేక దిక్కు చెవులు నిక్కిచ్చింది. తర్వాత తల్లి ఎనక ఉరికింది.